జాతకాల సాఫ్ట్‌వేర్ తీసేసిన మధ్యాహ్నం

పోయిన మా నాన్న ఆత్మ కంప్యూటర్లో చేరి, చిన్నకూతురికి ఇంకా సంబంధాలు చూస్తోందని పటమటలో మా పిన్ని అందరికీ చెబుతోంది. శుద్ధ అబద్ధం. దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఆ మధ్యాహ్నం అక్కడ ఉన్నది నేను, పిన్ని కాదు.

భవానీపురంలో అమ్మావాళ్ళింట్లోని పాత కంప్యూటర్ అది. నెట్ లేదు. సీడీ పెట్టే అర ఎప్పుడో చెడిపోయింది. అందులో నాన్న వేయించుకున్న జాతకాల సాఫ్ట్‌వేర్ ఉండేది. ఏ సంబంధం వచ్చినా నా చెల్లెలు శైలజ వివరాలు అందులో కొట్టి, కుజదోషం ఉందని కాగితం తీసి చూపించేవారు. చూడవచ్చినవాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. శైలజకిప్పుడు నలభై మూడేళ్ళు. ఆ సాఫ్ట్‌వేర్‌ని నా చేత్తోనే పీకేయాలనుకున్నాను.

తీసెయ్యబోతే, ప్రోగ్రామ్ వాడుకలో ఉంది, మూసి మళ్ళీ ప్రయత్నించమంటుంది. ఏం వాడుక? తెర మీద ఏమీ లేదే! ఆపి మళ్ళీ ఆన్ చేశాను. అదే పాట. ఒళ్ళు మండి, ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను.

"బతికుండగానే నాన్న నీ మాట వినలేదు, ఇప్పుడు వింటారా అక్కా?" అని నవ్వుతూ శైలజ కూరగాయలకు వెళ్ళింది.

వంటింట్లో అమ్మకి అన్నం పెట్టి వచ్చేసరికి ఆ సాఫ్ట్‌వేర్ తెరిచి ఉంది. శైలజ పేరు, పుట్టిన తేదీ నింపి ఉన్నాయి. ఇంట్లో ఉన్నది అమ్మా, నేనూ. అమ్మ అప్పటిదాకా నా కళ్ళెదుటే తింటోంది. పుట్టిన సమయం మాత్రం వేరు. నాన్న తీసిన కాగితాలన్నిటిలో తెల్లవారుజామున నాలుగూ పది. ఇక్కడ నాలుగూ నలభై. కింద, కుజదోషం లేదు అని ఉంది.

ఫోన్లో ఫోటో తీసి అమ్మకి చూపించాను.

"నాలుగూ నలభయ్యేనే. నర్సు చెప్పింది. ఆ రోజే మీ నాన్నతో అన్నాను" అంది, పెరుగు కలుపుకుంటూ.

వెళ్ళి మళ్ళీ డిలీట్ నొక్కాను. ఈసారి కిక్కురుమనకుండా పోయింది. ఇంతవరకూ తిరిగి రాలేదు. అదెలా తెరుచుకుందో కంప్యూటర్లు బాగుచేసే ఆయనా చెప్పలేకపోయాడు, నేనూ చెప్పలేను.

శైలజ సంచీ కూడా దించకుండా ఆ ఫోటో చూసింది. "అయితే నాకు ఏ దోషమూ లేదా అక్కా?" అంది.

ఆత్మ సంగతి పిన్ని చూసుకోనీ. నాకు కావాల్సింది ఒక్క జవాబు. అసలు సమయం తెలిసి కూడా, నాన్న ఇన్నేళ్ళూ నాలుగూ పది అని ఎందుకు కొట్టారు?