ఇసుక పొయ్యని సిలిండర్లు

మా వీధి చివర పాత గ్యాస్ సిలిండర్లు కొని, కోసి, పొయ్యిలూ తొట్లూ చేసి అమ్మే ఆవిణ్ని అందరూ ఇనప్పిన్ని అంటారు. వయసులో నాకంటే చిన్నదే, అయినా నేనూ అలాగే అంటాను. వేరేలా పిలిస్తే పలకదు. పలికిందంటే కరుస్తుంది. ఉద్యోగమంతా పిల్లల గోల భరించి రిటైరైనవాణ్ని, నాకు ఈవిడ కొట్టు పక్క ఇల్లే దొరకాలా! పొద్దున్నే రెంచీతో సిలిండర్లని టంగుటంగుమని కొట్టి, చెవి ఆనించి వింటుంది. ఆ తర్వాత నీళ్లు నింపుతుంది. మిగిలిపోయిన గ్యాస్ బయటికి పోకముందే కోత పెడితే మనిషి కొట్టుతో సహా గాల్లోకి ఎగిరిపోతుందట.

"మీ వెనక బెంచీ వాళ్లలాంటివి మాస్టారూ. ఖాళీగానే కనిపిస్తాయి, ఎప్పుడు పేలతాయో తెలీదు" అంది ఒకసారి. ఆవిడ నన్ను చూసి నవ్వింది ఆ ఒక్కసారే.

కొట్టు గుమ్మంలో గొలుసుకి ఒక ఎర్ర సిలిండర్ వేలాడుతుంటుంది. దాని పొట్ట మీద వేలి కొన పట్టేంత సొట్ట. పక్క వీధిలో కాపలా ఉద్యోగాలవాళ్లకి తుపాకీ నేర్పే మైదానం ఉంది. అక్కడ తూటాలకి అడ్డంగా నిలబెట్టిన గోడ ఈవిడ సిలిండర్లే. గోడ కట్టిన రోజున పరీక్షకి కాల్చిన తూటా దీనికి సొట్ట పెట్టి కింద రాలిపోయిందట. బేరమాడినవాడికల్లా ఆ సొట్ట చూపించి, "తుపాకీకే లొంగలేదు, నీ బేరానికి లొంగుతుందా?" అనేది.

ఆ గోడ వెనక కూర్చునేది ఆవిడ సొంత తమ్ముడు. ఈల వేయగానే బయటికొచ్చి, గురి అట్టలకి పడ్డ చిల్లుల మీద కాగితం ముక్కలు అతికించి, మళ్లీ గోడ చాటుకి పోవాలి. అదీ ఉద్యోగం. గోడ కట్టిన రోజునే అతను అందరి ముందూ, "అక్కా, లోపల ఇసుక పోస్తే మంచిది కదా" అన్నాడట. అంతే, అగ్గిమీద గుగ్గిలమైంది. నా ఇనుముకి ఇసుక తోడు కావాలా అని ఆనాటి నుంచీ తమ్ముడితో మాటలు మానేసింది. అప్పుడు పాకుతున్న మా మనవడు ఇప్పుడు సైకిలు తొక్కుతున్నాడు.

మాటల్లేవంటే తిట్లు లేవని కాదు. మధ్యలో నేనున్నాను కదా!

ఈమధ్య ఒక మధ్యాహ్నం తమ్ముడు కొట్టు ముందు నిలబడి, నా గేటు వైపు తిరిగి మొదలెట్టాడు.

"మాస్టారూ, ఆవిడతో చెప్పండి. సోమవారం నుంచి పెద్ద రైఫిళ్లు వస్తున్నాయి. ఆ తూటాల ముక్కు మెత్తటి సీసం కాదు, ఉక్కు. ఈ ముసలి డబ్బాలు ఆగవు."

పిన్ని నాలుగడుగుల దూరంలోనే ఉంది.

"మాస్టారూ, ఆయనతో చెప్పండి. ముసలి ఎవరో అద్దంలో చూసుకోమనండి."

"డబ్బాలకి రంగేసినంత మాత్రాన..."

"రంగు మాటెత్తితే నేను జుట్టు మాటెత్తుతానని చెప్పండి!"

"జుట్టు సంగతి తర్వాత. గోడ వెనక కూర్చునేది నేను. నా వీపు సంగతేంటో చెప్పమనండి."

"అంత భయమైతే ఇంట్లో కూర్చోమనండి. నమ్మకం లేకపోతే కాల్చి చూసుకోమనండి. ఇదిగో, దీన్నే!"

గొలుసు విప్పి ఎర్ర సిలిండర్‌ని దబ్బున కింద పడేసింది. తమ్ముడు దాన్ని భుజానికెత్తుకున్నాడు.

మర్నాడు మైదానంలో, ఆ వైపు మనుషులెవరూ లేకుండా చూసి, తుపాకీ నేర్పే మీసాలాయన ఒకే ఒక్క తూటా కాల్చాడు. నేను చెవులు మూసుకున్నాను. పిన్ని మూసుకోలేదు. సిలిండర్ పడలేదు సరికదా, పెద్దగా కదల్లేదు కూడా.

"చూశారా!" అని నా వీపు మీద ఒక్కటి చరిచింది.

మీసాలాయన తుపాకీ బల్ల మీద పెట్టాక దగ్గరికి వెళ్లాం. సొట్ట పక్కనే గుండ్రంగా చిల్లు.

"ఇటే కదా పడింది. అటు వైపు ఆగే ఉంటుంది" అంటూ పిన్ని వంగి, చిల్లుకి కన్ను ఆనించింది. లోపలంతా చీకటి. ఆ చీకట్లో అవతల ఒక వెలుతురు చుక్క. ఆ చుక్కలోంచి తమ్ముడి కన్ను ఇటే చూస్తోంది.

"తలకాయ తియ్యరా అక్కణ్నుంచి!"

మైదానమంతా వినబడేలా అరిచింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

తమ్ముడు తీరిగ్గా లేచాడు. "విన్నారా మాస్టారూ, ఆవిడ నాతో మాట్లాడింది."

"నీతో కాదురా, నీ తలకాయతో! లోపలేమీ లేదు, తూటాకి అడ్డం కూడా ఉండదు!"

"అయితే దాన్లోనూ ఇసుక పోయించు."

ఆ సాయంత్రమే పిన్ని బండెడు ఇసుక తోలించింది. గోడలో ఒక్కో సిలిండర్ మూతీ కోసింది. తమ్ముడు గరాటు పట్టుకున్నాడు, ఆవిడ పోసింది. ఇసుక కంటే తిట్లే ఎక్కువ పోసింది. సోమవారం మీసాలాయన మళ్లీ ఒక తూటా కాల్చాడు. తమ్ముడు గోడ వెనక లేడు, నా పక్కనే నిలబడ్డాడు. ముందు చిల్లు పడింది. వెనక ఏమీ లేదు. పిన్ని ఆ వెనక వైపంతా అరచేత్తో తడిమి తడిమి చూసింది.

"ఇప్పుడు చావు, వెళ్లి కూర్చో" అంది.

"ఇసుక ఆపింది" అన్నాడు తమ్ముడు.

"తూటా జోరు సగం పైగా నా ఇనుమే తినేసింది. నీ ఇసుకకి మిగిలింది ఎంగిలి."

ఎర్ర సిలిండర్ మళ్లీ గొలుసెక్కింది. చిల్లు కనపడకుండా, తమ్ముడి జిగురే తెచ్చి కాగితం ముక్క అతికించి, ఎర్ర రంగు పూసింది. అతను రోజూ పనికి పోతూ దాన్ని గోటితో పీకేస్తాడు.

"ఎవర్రా పీకింది?" అని లోపల్నుంచి కేక.

"నీ ఇనుమే తినేసిందేమో చూసుకో" అంటాడు.

నన్ను మాత్రం ఇప్పుడు ఇద్దరూ ఒక్క ముక్క చెప్పమని అడగరు.