పాకం పళ్ళెంలో కొండ

మా తోడికోడలు పోయిందని, పెరట్లో తోటకూర కోసుకుంటుండగా కబురొచ్చింది. నాకంటే చిన్నది. వరస తప్పడం ఆవిడకి నచ్చదు. బడిలో పిల్లల్ని కూడా ఎత్తు ప్రకారమే నిలబెట్టేది. ఈ ఒక్కసారికి నన్ను తోసుకుని ముందు వెళ్ళింది.

రాజమండ్రిలో ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ చెప్పేది. ఇంటికొచ్చినా పాఠం ఆగేది కాదు. గరిటైనా, దువ్వెనైనా, ములక్కాడైనా చేతిలో ఉన్నదే బెత్తం. "చూపిస్తానుండండి" అన్నది ఆవిడ ఊతపదం. చూపించకుండా దేన్నీ నమ్మమనేది కాదు. దేవుడికి మాత్రం మినహాయింపు ఇచ్చింది.

మా అమ్మాయి ఇంటర్ అయ్యాక జియాలజీ చదువుతానంది. విశాఖలో సీటొచ్చింది. ఇంట్లో అత్తగారి మాటే చివరి మాట. ఆవిడ ససేమిరా అన్నారు. నేను వాదించాను, ఏడ్చాను, అన్నం మానేశాను. కాస్త చిక్కాను తప్ప ఒరిగిందేమీ లేదు.

తెల్లారితే కాలేజీలో చేరడానికి ఆఖరు రోజు. ఆ మధ్యాహ్నం తోడికోడలి చంటిపిల్ల అడుగులేసిందని అరిసెలకి పాకం పెట్టాం. పక్కన మా అమ్మాయి పుస్తకం తెరిచి ఉంది. అత్తగారు అందులో బొమ్మ చూశారు.

"ఇదేం కొండే? ఎవరో తల నరికేసినట్టుంది. ఈ మొండేన్ని చూడ్డానికి పిల్లని అంత దూరం పంపాలా?"

"చూపిస్తానుండండి అత్తయ్యగారండీ" అని తోడికోడలు గరిటెత్తి, నీళ్ళ పళ్ళెంలో పాకం చుక్క వేసింది. అది ఉండకట్టింది. "మంచు కింద అగ్నిపర్వతం పొంగిందనుకోండి. చుట్టూ మంచు కరిగి మడుగవుతుంది. లావా ఆ నీళ్ళలో ఇలాగే బిగుసుకుంటుంది. పారలేదు కదండీ, ముద్ద మీద ముద్ద పడి నిటారుగా పెరుగుతుంది."

"ఊఁ, ఇంకాస్త వెయ్యి."

వేసింది. మళ్ళీ వేసింది. ముద్ద నీళ్ళ పైకి తలెత్తింది.

"నీళ్ళు దాటిందే!" అన్నారు అత్తగారు.

"ఇంక దాన్ని చప్పున బిగించే నీళ్ళేవండీ? పైన పడ్డది పరుచుకోవడమే." ఆఖరి గరిట పాకం అట్టులా చదునుగా పరుచుకుంది. "ఎన్నో ఏళ్ళకి చుట్టూ మంచు మొత్తం కరిగిపోతుంది. పక్కలు గోడల్లా, పైన బల్లపరుపుగా కొండ మిగులుతుంది. తల ఎవరూ నరకలేదండి. మన పంగిడి క్వారీల్లో కొట్టే నల్లరాయి కూడా ఒకప్పుడు లావాయే."

ఈలోగా పొయ్యి మీద పాకం ముదిరిపోయింది. అరిసెలు రాళ్ళయ్యాయి. వాటి మీద చంటిదాన్ని నడిపిస్తే ఒక్కటీ విరగలేదు. అత్తగారు ఒకటి కొరికి, దవడ పట్టుకుని కాసేపు కూర్చున్నారు.

"రాళ్ళు తినే కొంపలో రాళ్ళు చదివితే తప్పేంటి? పొద్దున్నే బస్సెక్కించండి."

తరవాత్తరవాత మా అమ్మాయి మంచుదేశం వెళ్ళి అలాంటి కొండని కళ్ళారా చూసింది. ఫోటో నాకు కాదు, ముందు వాళ్ళ పిన్నికి పంపింది. "అంచులు బాగా వచ్చాయి" అని జవాబిచ్చిందట పిన్ని, తను వండినట్టే.

పెద్దకర్మ అయ్యాక మా అమ్మాయి వంటింట్లోకి వెళ్ళి గుప్పెడు బెల్లం పొయ్యి మీద పెట్టింది. నేను పళ్ళెంలో నీళ్ళు పోసి ఇచ్చాను. చుక్క మీద చుక్క వేసింది, ఆఖరిది పరుచుకుంది. ఇద్దరం దాన్ని తీయలేదు. సాయంత్రానికి కొండ అడుగున నీళ్ళు ఎర్రబడ్డాయి. చీమలు పళ్ళెం అంచు దాకా వచ్చి, బారులు తీరి, ఎత్తు ప్రకారం కాకపోయినా, ఆ కొండనే చూస్తూ ఆగిపోయాయి.