నొప్పి తెలియని పాదం

జెలికా నిలబడి బతికిన మనిషి. పదిహేడో ఏట రేవు పక్కనున్న లాబ్‌స్టర్ ఫ్యాక్టరీలో చేరింది. ఉడికిన లాబ్‌స్టర్ల పెంకు పగలగొట్టి మాంసం తీయడం పని. కాళ్ళ కింద తడి సిమెంటు, ఎదురుగా ఉప్పునీళ్ళు కారే బల్ల. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టి పెరిగి ఎవరి సంసారాలు వాళ్ళు చూసుకుంటున్నారు. ఆవిడ మాత్రం లాబ్‌స్టర్ల సీజన్ మొదలయ్యే మే నెల రాగానే మళ్ళీ ఆ బల్ల దగ్గరే నిలబడేది. చేతులు ఆడినంతసేపూ నోరూ ఆడేది. అటూ ఇటూ ఉన్న ఆడవాళ్ళు నవ్వలేక చచ్చేవారు.

యాభై దాటాక షుగర్ వచ్చింది. కొన్నాళ్ళకి పాదాల్లో మంటలు మొదలయ్యాయి. దుప్పటి తగిలినా కెవ్వుమనేది. మొగుడు అలీర్ చూడలేక మాంక్టన్ పట్నం తీసుకెళ్ళాడు. అక్కడ మిరేయ్ అనే అమ్మాయి ఆవిడ పాదాలకి అచ్చు తీసి, బూట్లలో వేసుకోవడానికి మెత్తటి అట్టలు చేసిచ్చింది.

"మొదట్లో రోజుకి గంటా రెండు గంటలే వేసుకోండి, మెల్లిగా పెంచండి. సాయంత్రం బయటికి తీసి గాలికి పెట్టండి. మురికైతే గోరువెచ్చటి నీళ్ళు, కాస్త సబ్బు చాలు. సెగ దగ్గర మాత్రం పెట్టకండి, వంకరపోతాయి. రోజూ అరికాళ్ళు చూసుకోవడం మరిచిపోకండి."

"నా పిల్లలకి కూడా ఇంత సేవ చెయ్యలేదమ్మాయ్," అంది జెలికా.

అన్నదే గాని చేసింది. ఆ చలికాలమంతా అట్టల్ని పసిపిల్లల్లా చూసుకుంది. మంట తగ్గుతూ వచ్చింది. మంచు కరిగే వేళకి పూర్తిగా పోయింది. "నా కాళ్ళు నాకు తిరిగొచ్చాయే!" అని ఊరంతా చెప్పుకుంది.

అలీర్ కూడా సంతోషించాడు, ఒక ఉదయం వరకూ. ఆవేళ జెలికా ఇంకా మంచు మిగిలిన పెరట్లోంచి కట్టెలు మోసుకుని వచ్చింది. ఒక కాలికే చెప్పుంది. రెండో పాదం వేళ్ళ సందుల్లో మంచు గడ్డకట్టి ఉంది.

"రెండో చెప్పు ఏదే?"

ఆవిడ కిందికి చూసుకుంది. ఒక్క క్షణం మొహంలో రంగు మారింది. వెంటనే నవ్వేసింది. "పెరట్లో ఉండుంటుందిలే. నా కాలు కదా, దానికీ మొండితనమే!"

అలీర్‌కి ఆ నవ్వు నచ్చలేదు. ఎందుకో అప్పటికి తెలియలేదు.

మే నెలలో పని మొదలైంది. రోజూ బూట్లలోకి నీళ్ళు దిగేవి, అట్టలు తెల్లారేసరికి ఆరేవి కావు. ఒక సాయంత్రం అవి కట్టెల పొయ్యికి ఆనుకుని కనబడ్డాయి.

"వద్దని చెప్పింది కదే ఆ పిల్ల!"

"పొయ్యి మీద పెట్టానా? పక్కన పెట్టాను. తడి అట్టలతో నువ్వు నిలబడతావేంటి నాకు బదులు?"

అలీర్ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. అంచు పైకి లేచింది. వేలితో నొక్కితే ఊగింది. "ఇది వంకరపోయింది. మాంక్టన్ వెళ్దాం."

"సీజన్ అయ్యాక. కాలు ఏమన్నా అంటేగా!"

కాలు ఏమీ అనలేదు. పక్కన పనిచేసే ఒదీల్ మాత్రం, "ఏమిటే, పడవలో ఉన్నట్టు ఒరుగుతున్నావు?" అందట. అరికాళ్ళు చూసుకోవడం జెలికా ఎప్పుడు మానేసిందో అలీర్‌కి తెలియదు.

జూన్‌లో ఒక సాయంత్రం ఆవిడ బూట్లు విప్పి, పొయ్యి మీద కోడిపులుసు కలపడానికి వెళ్ళింది. గుమ్మం నుంచి పొయ్యి దాకా తడి అడుగులు పడ్డాయి. ఉప్పునీళ్ళే అనుకుని అలీర్ గుడ్డ తెచ్చాడు. తుడిస్తే గుడ్డ ఎర్రబడింది. అన్ని మరకలూ కుడికాలివే. కూనిరాగం తీస్తూ ఆవిడ ఇంకా గరిటె తిప్పుతూనే ఉంది.

"జెలికా, కదలకు."

బొటనవేలి మొదట్లో పుండు. అట్ట అంచు ఒరిసినచోట ఎముక దాకా తినేసింది. ఆసుపత్రిలో ఆ వేలు తీసేశారు. "మీకు తగ్గింది నొప్పి కాదమ్మా," అన్నాడు డాక్టరు. "నొప్పి తెలిపే నరాలు చచ్చిపోయాయి." జెలికా గోడవైపు తిరిగి పడుకుంది. ఇంటికి వచ్చేదాకా ఒక్క జోకూ వెయ్యలేదు.

ఫ్యాక్టరీ మానేసింది. అక్టోబరులో, పోయిన వేలి చోట దిండులాంటి ముక్క పెట్టి కొత్త అట్టలు చేయించుకోవడానికి మళ్ళీ మిరేయ్ దగ్గరికి వెళ్ళారు. కుడికాలి అచ్చు తీశాక మిరేయ్ సన్నటి, బిరుసైన నైలాన్ దారం పట్టుకుని ఎడమ పాదం ముందు కూర్చుంది.

"కళ్ళు మూసుకోండి. దారం తగిలినప్పుడల్లా చెప్పండి."

"ఈ కాలు బంగారం, దీనికేం కాలేదు," అంటూ జెలికా కళ్ళు మూసుకుంది.

మిరేయ్ మడమ మీద దారాన్ని వంగేదాకా నొక్కింది. జెలికా పలకలేదు. వేళ్ళ కింద నొక్కింది. పలకలేదు. మిరేయ్ దారం తీసి తన ఒళ్ళో పెట్టుకుని ఆగింది.

"ఆఁ, తెలుస్తోంది," అంది జెలికా ఉత్సాహంగా. "ఇప్పుడు బాగా తెలుస్తోంది."

మిరేయ్ తలెత్తి అలీర్ వైపు చూసింది. అతను చూపు తిప్పుకుని, భార్య చెయ్యి పట్టుకున్నాడు.