పక్కింటి అడ్రసుకు వచ్చిన ఉత్తరం

నా చిన్నప్పుడు మొఘల్‌పురాలోని మా ఇంటికి బాపు ఉత్తరం వచ్చిందంటే అందరికీ పండగ, అమ్మకు మాత్రం ఒళ్లుమంట. బాపు, అంటే మా నాన్న, ఫౌజులో ఉండేవాడు. ఏ సరిహద్దులో ఉన్నాడో మాకు తెలియదు. ఉత్తరం మీద పటాలం పేరు, ఫౌజీ పోస్టాఫీసు నంబరు తప్ప ఊరి పేరుండేది కాదు.

ఉత్తరం మా నానమ్మ పేరుకే రావాలి, మా చిన్నాయన గడపలో కూర్చుని గట్టిగా చదవాలి. అది మా ఇంటి రివాజు. అమ్మకు చదవడం వచ్చు, అయినా చేతికివ్వరు. బాపు అమ్మ కోసం చివర్లో రాసుకున్న నాలుగు మాటలను చిన్నాయన సాగదీసి, గొంతు మార్చి చదివేవాడు. గల్లీ అంతా పకపకా నవ్వేది. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కోపమే. ఓర్చుకోలేక అమ్మ, ఇకమీదట తనకు ఒక్క మాటా రాయొద్దని బాపుకు రాసేస్తానంది.

అది పక్కింటి ఖాలా చెవిన పడింది. పిన్నిని వాళ్ల ఉర్దూలో ఖాలా అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్లం.

"పాగల్ పిల్లా, ఎందుకు రాయొద్దంటవ్? నా ఇంటి అడ్రసుకు రాయమను" అంది.

కొన్నాళ్లకు ఖాలా ఇంటికి ఉత్తరం వచ్చింది, అమ్మ పరుగున వెళ్లింది. పోస్ట్‌మ్యాన్ నోరు ఊరుకుంటుందా, నానమ్మ చెవిన వేసిపోయాడు. ఇంకేముంది, లొల్లి!

"నా కొడుకు రాసిన చిట్టీ నీ ఇంటికెట్లొస్తది? నా కోడలికి గివే నేర్పుతున్నవా?" అని నానమ్మ గల్లీలో నిలబడి దుమ్మెత్తిపోసింది. ఉత్తరం లాక్కొస్తానని చిన్నాయన ఖాలా వాకిట్లోకి దూసుకెళ్లాడు.

ఖాలా గుమ్మానికి వేలాడే పర్దా ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. లోపల అమ్మ. పరాయి మగవాడు ఆ పర్దా దాటకూడదని చిన్నాయనకూ తెలుసు.

"లోపల ఆడోళ్లున్నరు భాయ్. అడుగు పెడితే గల్లీ మొత్తాన్ని పిలుస్త. చిట్టీ నా అడ్రసుకు వచ్చింది, ఎవరికిస్తనో నా మర్జీ" అంది ఖాలా.

చిన్నాయన పళ్లు నూరుతూ అక్కడే ఆగిపోయాడు. పర్దా వెనక అమ్మ ఉత్తరం చదువుకుంటూ నవ్వింది. అమ్మ అలా నవ్వగా అంతకుముందు నేను వినలేదు.

నానమ్మ చచ్చేదాకా ఖాలాతో మాట్లాడలేదు. ఖాలా ఏమీ ఫికర్ చేయలేదు. బాపు ఉత్తరాలు రెండిళ్లకూ వస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు మా మనవడు ఫౌజులో ఉన్నాడు. సిగ్నల్ దొరికినప్పుడు వీడియో కాల్ చేస్తాడు. ఇంటిల్లిపాదీ ఫోన్ మీద పడతారు, వాడి పెళ్లాం అందరి వెనకా నిలబడుతుంది. నేను ఆ ఫోన్ గుంజుకుని ఆ పిల్ల చేతిలో పెట్టి, మిగతా అందరినీ బయటికి తరుముతాను, నా కొడుకుతో సహా. ముసలిదానికి మతి పోయిందని తిట్టుకుంటారు. తిట్టుకోనీ.