పోయినవాడికి ఇష్టమైన కూర

పెచ్చబురి ఊళ్లో ఏటి గట్టు వీధిన సమ్లీ పందికాలు కూర దించుతోందంటే, కడుపు నిండినవాడు కూడా ఇంకోసారి ఆకలేసినట్టు నటించేవాడు. తాటిబెల్లం వేసి నాలుగు గంటలు ఉడికించిన మాంసం చెంచా తగిలితే విడిపోయేది. ముప్పై ఏళ్లు బండి మీద ఆ ఒక్క కూరే అమ్మింది. మొదటి గిరాకీ మొగుడు ప్రయూన్, ఆఖరి గిరాకీ కూడా అతనే. ఆకుకూర పెడితే అతనికి ముద్ద దిగేది కాదు. అరవై నిండకుండానే కిడ్నీలు చెడి కన్నుమూశాడు. రాత అలా ఉంది అనుకుంది సమ్లీ.

ఆరేళ్లుగా తెల్లవారగానే భిక్షకు వచ్చే బౌద్ధ గుడి పెద్దస్వామి పాత్రలో ఆ కూరే వేస్తోంది. భిక్షువుకు పెట్టింది పోయినవాళ్లకు చేరుతుందని ఆ ఊరివాళ్ల నమ్మకం. అందుకని ఏ ఇంట్లో ఎవరు పోతే వాళ్లకిష్టమైనదే పాత్రలో పడుతుంది. చనిపోయినవాళ్లలో కాకరకాయ ఇష్టపడ్డ మహానుభావుడు ఒక్కడూ లేనట్టుంది. పక్కింటి నుంచి కొబ్బరిపాల హల్వా, ఎదురింటి నుంచి వేయించిన పందికొవ్వు. భిక్షువు ఇది కావాలని అడగకూడదు, అది వద్దనకూడదు. పోయినవాళ్ల సంగతేమో గానీ పెద్దస్వామి మాత్రం ఏటేటా బొద్దుగా తయారయ్యారు.

ఒక వారం ఆయన భిక్షకు రాలేదు. లివరు చెడిందట అని తెలియగానే వీధిలో చెవులు కొరుక్కున్నారు. చాటుగా తాగుతాడేమో అని ఎవరో అన్నారు. సమ్లీకి అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా ఆరోగ్య కేంద్రానికి వెళ్లి నర్సు ఒరతైని నిలదీసింది. ఒరతై చిన్నప్పటినుంచీ ఆమె బండి దగ్గర తిన్న పిల్లే.

"తాగితేనే పాడవుతుందా పిన్నీ? కొవ్వూ తీపీ చాలు. స్వామి లివరుకు కొవ్వు పట్టేసింది. ఇప్పుడు కిడ్నీలు కూడా దెబ్బతింటున్నాయి."

"లివరెక్కడ, కిడ్నీలెక్కడ? రెంటికీ పొత్తేంటే?"

"మధ్యలో పేగులున్నాయిగా. వాటిల్లో కంటికి కనపడని జీవులు కోట్లకొద్దీ ఉంటాయి. మంచివాటికి కూరాకుల్లో పీచు కావాలి. వాటిని పస్తుపెట్టి రోజూ కొవ్వూ బెల్లమూ పంపితే చెడ్డవి పెరుగుతాయి. నువ్వు ఆవాకు పులియబెట్టే జాడీ చెడితే ఏమవుతుంది?"

"ఇల్లంతా కంపు."

"ఇదీ అంతే. అవి చేసే విషం పేగుగోడ దాటి లివరుకు పోతుంది. కొవ్వు పట్టిన లివరు దాన్ని సరిగ్గా కడగలేదు. మిగిలింది రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతుంది. అంతా ఇందువల్లే అని డాక్టర్లూ అనట్లేదు, ఇదొక దారి అంటున్నారు. ఇట్లాగే తింటే ఇంకో ఏడాదిలో ఆయనకు రక్తం కడిగే మెషీను తప్పదు."

"వద్దని చెప్పొచ్చుగా మాకు."

"ఆయనెట్లా చెప్తారు పిన్నీ? నోరు విప్పకూడదుగా."

సమ్లీకి ప్రయూన్ గుర్తొచ్చాడు.

"మీ బాబాయికి కూడా ముందు లివరుకే కొవ్వు పట్టిందా?"

ఒరతై కాగితం, కలం తీసింది. "అవును పిన్నీ. తర్వాతే కిడ్నీలు. అప్పట్లో మాకూ ఇంత తెలీదు," అంది. డాక్టరు పెట్టమన్న కూరల పేర్లు దాని మీద రాసిచ్చింది.

ఆ సాయంత్రం సమ్లీ రెండు పొయ్యిలు వెలిగించింది. ఒకదాని మీద పందికాలు, ఒకదాని మీద ఉప్పు తగ్గించిన సొరకాయ. కూర మానేస్తే స్వామి బతుకుతారు, నిజమే. మరి ప్రయూన్? ఆరేళ్లుగా అతనికి తను పెట్టగలుగుతున్నది ఆ ఒక్క పూట ముద్దే. అది కూడా లేకపోతే అక్కడ పస్తుంటాడు కదా.

మర్నాడు పెద్దస్వామి వచ్చారు. సమ్లీ రెండు పొట్లాలూ పళ్లెంలో పెట్టుకుని, చెప్పులు విడిచి గుమ్మం ముందు మోకరిల్లింది. తల వంచేసరికి ఆయన పాదాలు కనిపించాయి. వేళ్లు ఉబ్బి చర్మం బిగిసి మెరుస్తోంది. చివరి ఏడాది ప్రయూన్ పాదాలు అట్లాగే ఉండేవి. తను ఒత్తితే వేలు పడిన చోట గుంట అలాగే నిలిచిపోయేది.

సొరకాయ పొట్లం తీసి పాత్రలో పెట్టింది.

స్వామి పాత్రలోకి చూశారు. దీవెన రోజూకంటే నెమ్మదిగా చదివారు.

ఆయన వెళ్లాక సమ్లీ పెరట్లోకి వచ్చి, పెట్టిన భిక్ష మొగుడికి చేరాలని అతని పేరు తలుచుకుంటూ మల్లెపాదులో కొద్దికొద్దిగా నీళ్లు ధార పోసింది.

"ఏమయ్యా, ఇవాళ సొరకాయ పెట్టాను. రేపూ ఇదే. తిట్టుకుంటావని తెలుసు. తిట్టుకో," అంది. "ఆ ముప్పై ఏళ్లూ ఇట్లా పెట్టుంటే, ఆ తిట్లు నా ఎదురుగానే కూర్చుని తిడుతుండేవాడివి."