దొరకు ఇచ్చే మొదటి ముక్క

మా ముత్తాత నరసింగరావు దేశ్‌ముఖ్ పన్నెండు ఊళ్లకు పెద్ద. మా తాత అనంతరావు వస్తుంటే కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. నేను చిక్కడపల్లిలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటున్నాను. నగరం బయట మిగిలిన రెండెకరాల్లో షెడ్డు వేసి పందులను పెంచుతున్నాను. అశోక్‌నగర్ హాస్టళ్లలో మిగిలిన అన్నమే వాటి మేత. అడిగినవాళ్లకు మాత్రం పాల డైరీ అని చెప్పేవాణ్ని.

ఒక ఉదయం నారాయణగూడ మార్కెట్‌లో టమాటాలు ఏరుతుంటే నా కుడిచేయి దానంతటదే ఎగరసాగింది. ఎడమచేత్తో పట్టుకున్నా ఆగలేదు. తర్వాతిది గుర్తులేదు. కళ్లు తెరిచేసరికి నేలమీద ఉన్నాను. పంచె తడిసింది. నోట్లో రక్తం. కూరగాయలమ్మే ఆమె నా తల కింద గోనెసంచి పెట్టి, "ఫిట్స్ వచ్చినయి పెద్దాయనా, జర లేవకు," అంది.

ఆసుపత్రిలో సీటీ స్కాన్, తర్వాత ఎమ్మారై తీశారు. న్యూరాలజీ డాక్టరమ్మ ఫిల్ము చూపించింది. మెదడులో నాలుగు చిన్న నీటి బుడగలు, ఒక్కోదాంట్లో ఒక చుక్క.

"న్యూరోసిస్టిసర్కోసిస్ అంటరు, ఆ చుక్కలు పురుగు పిల్లలు. పంది టేప్‌వార్మ్ గుడ్లు నోట్లకు పోతే ఇట్ల అయితది. పోర్క్ తింటరా సార్?"

"మా ఇంటావంటా లేదు."

"ఏం పని చేస్తరు?"

"డైరీ."

ఆమె రాసుకుంది. "తినకున్నా రావచ్చు. ఎవరి కడుపుల పురుగుంటదో వాళ్ల చేతుల నుంచి గుడ్లొస్తయి," అంది. ఆ మాట నాకు ఊరటనిచ్చింది. షెడ్డు చూసుకునే బాలయ్య, అతని భార్య చంద్రమ్మ పాలమూరు నుంచి వచ్చినవాళ్లు. తప్పు వాళ్ల చేతులదేనని మనసులో తీర్పు చెప్పేశాను.

ఫిట్స్ మందు, స్టెరాయిడ్, ఆ వెనక పురుగులను చంపే ఆల్బెండజోల్ మొదలుపెట్టారు. నాలుగో రోజు తల పగిలిపోయేంత నొప్పి, మళ్లీ ఫిట్స్. పురుగు చస్తుంటే చుట్టూ వాపు వస్తుందని స్టెరాయిడ్ పెంచారు. ముఖం ఉబ్బింది. నిద్ర పట్టేది కాదు. నర్సు పట్టుకోకుండా బాత్‌రూమ్ దాకా పోలేని రోజులు ఎన్ని గడిచాయో లెక్కపెట్టడం మానేశాను.

ఒక మధ్యాహ్నం బాలయ్య, చంద్రమ్మ చూడ్డానికి వచ్చారు. డాక్టరమ్మ అప్పుడే రౌండ్స్‌కు వచ్చింది.

"డైరీల పనిచేసేది మీరేనా?"

చంద్రమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "డైరీ ఏంది డాక్టరమ్మా! నలభై ఉన్నయి, ఒక్కటి గూడ పాలియ్యదు. అన్నీ పందులే."

నేను గోడవైపు తిరిగాను.

"సార్ తింటరా?"

"కోసిన దినం నిప్పుల మీద కాల్చి మొదటి ముక్క దొరకే ఇస్తం. అది మర్యాద," అన్నాడు బాలయ్య.

"లోపల పచ్చిగున్నది, జర కాలనియ్యి దొరా అంటే ఇనడు," అంది చంద్రమ్మ.

నిజమే. ఆ ముక్క నా చేతికి వచ్చేదాకా అందరూ పక్కకు జరిగి నిలబడేవారు. నన్ను దొర అని పిలిచే చోటు అదొక్కటే మిగిలింది. కాలిందా లేదా అని వేచి ఉండటం నామోషీగా తోచేది.

"అక్కడ లెట్రిన్ ఉన్నదా?" అని అడిగింది డాక్టరమ్మ.

"యాడిది? అందరం షెడ్డు ఎనకకే పోతం. పందులూ ఆడనే తిరుగుతయి. కట్టియ్యమంటే సూద్దాం అంటడు దొర."

ముగ్గురికీ స్టూల్ టెస్ట్ చేయించారు. వాళ్లిద్దరికీ ఏమీ లేదు. టేప్‌వార్మ్ నా కడుపులోనే ఉంది.

"పచ్చి మాంసంతోని పురుగు పొట్టల చేరింది. దాని గుడ్లు మీ చేతుల నుంచే మీ నోట్లకు పోయినయి. మొదటిరోజే చెప్తే అప్పుడే చూస్తుంటిమి కదా సార్," అంది డాక్టరమ్మ. షెడ్డులో అందరూ తాగే కుండలో ముందుగా చెయ్యి ముంచేది నేనే. ఆ సంగతి కూడా ఆమెకు చెప్పాను. వాళ్లిద్దరికీ స్కాన్ తీసి ఏమీ లేదనేదాకా నేను అన్నం ముట్టలేదు.

పురుగు పోవడానికి వేరే మాత్ర ఇచ్చారు. ఇప్పుడు ఏడాది దాటింది. బుడగలు ఎండి మచ్చలయ్యాయి. పొద్దున, సాయంత్రం ఫిట్స్ మాత్ర వేసుకోవాలి. బండి నడపకూడదు. రెండంతస్తులు ఎక్కితే రోజంతా అలసటే.

పందులు పెంచేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. డాక్టరు అడిగినప్పుడు చేసే పని, తినే తిండి ఉన్నదున్నట్టు చెప్పండి. నేను చెప్పనందుకు నాతోపాటు మరో ఇద్దరు ప్రమాదంలో పడ్డారు.

షెడ్డు దగ్గర రెండు లెట్రిన్లు, చేతులు కడుక్కునే కుళాయి కట్టించాను. దానికోసం ఇంట్లో ఆఖరుగా మిగిలిన, తాత తమలపాకులు పెట్టుకున్న వెండి పాన్‌దాన్‌ను సుల్తాన్ బజార్‌లో అమ్మాను.