నాలుగో మంచం గంగులమ్మ

ఫ్లోరాకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. మదనపల్లె ఊరి బయట ఉన్న ఆ ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాల దగ్గర్నుంచి డాక్టర్ల దాకా అందరికీ ఈ సంగతి తెలుసు. ఆమె గట్టిగా అరిచినంతసేపూ ఎవరూ పట్టించుకోరు. మెల్లగా "సరే సార్" అన్నదంటే మాత్రం అవతలి మనిషి కాస్త వెనక్కి జరుగుతాడు. ఆ బుధవారం ఆమె "సరే సార్" అన్నది. అన్నందుకు ఇప్పటికీ తనను తానే తిట్టుకుంటోంది.

ఆమెది పుంగనూరు. తండ్రి ప్రభుదాసు ఒక మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు వార్డుబాయ్‌గా చేశాడు. ఆదివారం చర్చిలో అందరూ గొంతెత్తి ప్రార్థన చేస్తుంటే ఆయన వెనక బల్ల మీద కూర్చుని కునికిపాట్లు పడేవాడు. పాస్టరు గారు ఒకసారి ఇంటికొచ్చి మరీ మందలిస్తే, "ఆరు దినాలూ చేస్తానే ఉండాను గదయ్యా, ఏడో దినం ఆయనే నన్ను పండుకోమన్నాడు" అన్నాడట. ఆయన ప్రార్థన ఏమిటో ఫ్లోరాకు చిన్నప్పుడే తెలిసిపోయింది. మలమూత్రాల గిన్నె ఎత్తే ముందు రోగి చెయ్యి పట్టుకుని పేరు పెట్టి పిలిచేవాడు. ఊరేదో అడిగేవాడు. ఇంట్లో ఎవరెవరున్నారో అడిగేవాడు. ఆ జవాబు వినేటప్పుడు ఆయన మొహంలో ఇంకో ఆలోచన ఉండేది కాదు.

ఫ్లోరా నర్సింగ్ చదివింది. కుప్పంలో ఎనిమిదేళ్లు, మదనపల్లెలో పదకొండేళ్లు చేసింది. తండ్రి దగ్గర నేర్చుకున్నది మాత్రం వదల్లేదు. సూది వెయ్యాలంటే ముందు చెయ్యి పట్టుకోవాలి, పేరడగాలి, ఊరడగాలి, ఇంట్లోవాళ్ల గురించి అడగాలి. ఆ అర నిమిషం ఆమెకు గుడీ చర్చీ అన్నీ అదే. తోటి నర్సులు నవ్వేవాళ్లు, ఫ్లోరాక్క సూదెయ్యదు, పెళ్లి సంబంధం మాట్లాడతాదని. నవ్వుకోనీ అనేది.

అందులో భక్తి ఎంతుందో అవసరమూ అంతే ఉంది. ఈ వైపు పేర్ల సంగతి ఎరగనివాళ్లకు చెప్పాలి. గంగమ్మ తల్లికి మొక్కుకుంటే పుట్టిన ఆడపిల్లకు గంగమ్మనో గంగులమ్మనో పేరు పెడతారు. మగపిల్లవాడైతే గంగులప్ప. పుంగనూరు నుంచి కుప్పం దాకా ఏ వీధిలో నిలబడి పిలిచినా నలుగురు పలుకుతారు. కంప్యూటర్లో పేరూ వయసూ కొట్టుకునే కుర్ర ఉద్యోగులకు ఇదేం తెలుస్తుంది? ఆడవాళ్ల వార్డులో ఏ రోజు చూసినా ఇద్దరు గంగులమ్మలు తక్కువ ఉండరు.

ఆ బుధవారమూ ఇద్దరే ఉన్నారు. రామసముద్రం గంగులమ్మకు చక్కెర వ్యాధి, కాలికి పుండు, నాలుగో మంచం. పుంగనూరు అవతలి పల్లె నుంచి వచ్చిన ఇంకో గంగులమ్మకు జ్వరం, తొమ్మిదో మంచం. రెండు రోజులుగా గంజి తప్ప ఏమీ దిగడం లేదామెకు. తొమ్మిదో మంచం సరిగ్గా ఫ్యాను కింద. ముసలామె చలికి వణికిపోతోంది. పదకొండున్నరకు ఫ్లోరా ఇద్దరికీ చెప్పి, ఒప్పించి, ఆయా సాయంతో మంచాలు మార్చింది. జ్వరం గంగులమ్మ నాలుగుకు వచ్చింది. చక్కెర గంగులమ్మ తొమ్మిదికి వెళ్లింది. ఇంక మంచాలకు తగిలించిన కేసుషీట్లు మార్చాలి. ఆ పని కోసం చెయ్యి చాపేలోపల తలుపు దగ్గర సుదర్శన్ నిలబడ్డాడు.

సుదర్శన్ ఆ ఆసుపత్రి పరిపాలన చూసే ఆఫీసరు. మంచి ఇస్త్రీ చొక్కా, మంచి మాట. ఆయన వచ్చిన రెండేళ్లలో ఆ వార్డులో పగటి పూట నలుగురుండే నర్సులు ఇద్దరయ్యారు. ఆ మిగిలిన ఇద్దరి మనసులూ ప్రశాంతంగా లేవని ఈ మధ్య ఆయనకు దిగులు పట్టుకుంది. నాణ్యత సర్టిఫికెట్టు ఇచ్చేవాళ్లు వచ్చే నెల తనిఖీకి వస్తారు. సిబ్బంది మానసిక ఆరోగ్యానికి ఏం చేశారని ఒక కాలమ్ ఉంటుంది వాళ్ల కాగితంలో. ఆ కాలమ్ నింపడానికి బెంగళూరు నుంచి ఒక ధ్యానం మాస్టరును పిలిపించాడు. పేరు పురుషోత్తం. హాజరు నూటికి నూరు శాతం ఉండాలని సర్క్యులర్. వార్డులో కొత్త నర్సు బీనాను పెట్టి మీరు ఇప్పుడే రండి, మీ ఒక్కరి సంతకమే తక్కువ అన్నాడు.

బీనా చేరి ఆరు రోజులు. వార్డులో ముప్పై నాలుగు మంది రోగులు. పని సగంలో ఉందని ఫ్లోరా చెప్పింది. గంటే కదా సిస్టర్, ప్రపంచం ఏమీ మునిగిపోదు అన్నాడాయన. అప్పుడు ఫ్లోరా గొంతు తగ్గింది. "సరే సార్" అన్నది. కోపంతో విసురుగా నడిచింది. ఆ విసురులో కేసుషీట్లు మరిచిపోయింది.

హాల్లో ఏసీ చల్లగా ఉంది. నేల మీద చాపలు, మూలన అగరొత్తి. ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించారు. పురుషోత్తం చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పకపోతే పాపం. మెత్తటి మనిషి. ఎరుక అన్న మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు. తినేటప్పుడు ఎరుక, నడిచేటప్పుడు ఎరుక, చేసే ప్రతి పనిలో ఎరుక. ఎరుక అంటే ఏమిటో ఎవరైనా చెప్పండి అని అడిగాడు. ఫ్లోరా పలికింది. మా ఇండ్లల్లో ఎరుక అనేది మనుషుల గురించి సార్, ఫలానా మనిషి నాకు ఎరుకే అంటాం, ఆమె ఎవురో యాడ్నుంచి వచ్చిందో నాకు తెలుసని దానర్థం అని చెప్పింది. పురుషోత్తం నవ్వి, అది బయటి ఎరుక, మనం లోపలి ఎరుక గురించి మాట్లాడుకుంటున్నాం అన్నాడు. అందరూ కళ్లు మూసుకున్నారు.

శ్వాస గమనించండి అన్నాడు. గమనించింది. ఏ ఆలోచన వస్తుందో చూడండి, దాన్ని పట్టుకోకండి, వచ్చిన దారినే పోనివ్వండి అన్నాడు. ఫ్లోరాకు మొదట సుదర్శన్ మొహం వచ్చింది. పోనిచ్చింది. ఇంట్లో నానబెట్టిన బియ్యం గుర్తొచ్చాయి. పోనిచ్చింది. మూడో ఆలోచనగా నాలుగో మంచం వచ్చింది. మంచం మీద జ్వరం గంగులమ్మ, మంచానికి చక్కెర గంగులమ్మ కేసుషీటు. పన్నెండుంబావుకు, భోజనానికి ముందు, ఇన్సులిన్ వెయ్యాలి.

పోనివ్వలేదు. లేచింది. కూర్చోండి సిస్టర్, లేవాలనిపించడం కూడా ఒక ఆలోచనే అన్నాడు మాస్టరు. తలుపు దగ్గర సుదర్శన్ అడ్డం వచ్చి ఇంకా పది నిమిషాలే అని గుసగుసలాడాడు. ఫ్లోరా ఆయన్ను భుజంతో నెట్టింది. పంతొమ్మిదేళ్ల నౌకరీలో ఒక ఆఫీసరును నెట్టడం అదే మొదలు. గోడ గడియారంలో పన్నెండూ నలభై అయింది. చెప్పులు వెతుక్కోకుండా మెట్లెక్కి పరుగెత్తింది.

బీనా అప్పటికే నాలుగో మంచం దాటి ఆరో మంచం దగ్గరుంది. ఆమె తప్పేముంది? నర్సింగ్ స్కూల్లో చెప్పింది చెప్పినట్టే చేసింది. కేసుషీటు చూసింది. గంగులమ్మేనా అని అడిగింది. అవునమ్మా, గంగులమ్మనే అన్నది ముసలామె. ఇద్దరూ నిజమే చెప్పుకున్నారు, సూది మాత్రం తప్పు మనిషికి దిగింది.

జ్వరం గంగులమ్మ నుదుట చెమటలు పోస్తున్నాయి. మాట ముద్దగా వస్తోంది. చూస్తుండగానే కళ్లు తేలిపోయాయి. వేలి నుంచి రక్తం తీసి చూస్తే చక్కెర నలభై రెండు, ఉండాల్సిన దాంట్లో సగం. ఫ్లోరా మారు మాట లేకుండా పని చేసింది. డాక్టరు వచ్చేసరికి గ్లూకోజు ఎక్కుతోంది. బీనా గోడకు ఆనుకుని ఏడుస్తోంది. ఏడుపు తర్వాత, ముందు ఆ చెయ్యి కదలకుండా పట్టుకోమని ఫ్లోరా గదిమింది. గంటకు ముసలామె కళ్లు తెరిచి నీళ్లడిగింది. చీకటి పడేలోపల లేచి కూర్చుంది. ఇంట్లోవాళ్లకు మాత్రం జ్వరం వల్ల నీరసం వచ్చిందని ఆఫీసు నుంచి చెప్పించారు. ఆ మాట విన్నప్పుడు ఫ్లోరాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు పొద్దున సుదర్శన్ ఆమెను గదికి పిలిపించి కుర్చీ చూపించాడు, కాఫీ తెప్పించాడు. నెట్టిన సంగతి మరిచిపోయానన్నాడు. ఆయన దగ్గర ఒక కాగితం తయారుగా ఉంది. రోగిని సరిగ్గా పోల్చుకోకుండా బీనా ఇంజెక్షన్ ఇచ్చిందనీ, ఆమెను ఉద్యోగం నుంచి తీసేస్తున్నామనీ అందులో ఉంది. సాక్షిగా ఫ్లోరా సంతకం పెడితే చాలు, ఆమె జోలికి ఎవరూ రారు. బీనా తండ్రి శాంతిపురం దగ్గర రాళ్లు కొట్టి ఆ పిల్లను చదివించాడు. ఆ సంగతి ఫ్లోరాకు తెలుసు. సుదర్శన్‌కు తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

ఫ్లోరా ఇంకో తెల్ల కాగితం తీసుకుని తనే రాసింది. "మంచాలు మార్చింది నేను. కేసుషీట్లు మార్చకుండా వెళ్లాను. అది నా తప్పు. పని సగంలో ఉండగా పిలిస్తే రానని చెప్పలేదు. అదీ నా తప్పు. ముప్పై నాలుగు మంది రోగుల్ని ఆరు రోజుల క్రితం చేరిన ఒక్క పిల్లకు వదిలి, ధ్యానం నేర్చుకోవడానికి రమ్మన్నారు. అది నా తప్పు కాదు, ఆ పిల్ల తప్పు అసలే కాదు."

సుదర్శన్ చదివి, చివరి రెండు వాక్యాలూ కొట్టేయమన్నాడు. కోపంలో రాశారన్నాడు. నిన్న క్లాసులో చెప్పారు కదా సిస్టర్, కోపాన్ని గమనించి వదిలెయ్యాలని గుర్తు చేశాడు.

"గమనించినాను సార్," అన్నది ఫ్లోరా. గొంతు ఎంత తగ్గిందంటే ఆయన ముందుకు వంగి వినాల్సి వచ్చింది. "రాత్రంతా అదే పని. ఇది వదిలేసే కోపం కాదు. దీన్ని వదిలేస్తే రేపు ఇంకో గంగులమ్మ సస్తాది."

కాగితం మీద ఆ వాక్యాలు ఉండిపోయాయి. అలాంటి కాగితం ఫైల్లోకి వచ్చాక బీనాను తీసేయడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. ఎవరినో ఒకరిని కదిలించాలి కాబట్టి ఫ్లోరాను కదిలించాడు. సోమవారం నుంచి కుప్పంలో ఉన్న వాళ్ల చిన్న క్లినిక్కుకు బదిలీ. పుంగనూరులో మంచాన ఉన్న తల్లిని వదిలి రోజూ అంత దూరం బస్సులో పోయి రావాలి. ఆర్డరు చేతిలో పెట్టుకుని ఆమె తిన్నగా వార్డుకు వెళ్లింది.

గంగులమ్మ గంజి తాగుతోంది. ఫ్లోరా పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పింది. నీరసం కాదమ్మా, నీకు వెయ్యకూడని సూది పడింది, మంచం మార్చింది నేనే, చీటీ మార్చంది నేనే అని ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. క్షమించమని అడిగింది. ముసలామె గిన్నె కింద పెట్టింది. ఫ్లోరా అలవాటుగా ఆమె చెయ్యి పట్టుకోబోయింది. ముసలామె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నిజం జెప్పినావు, అది సరే," అన్నది గంగులమ్మ. "నేను సచ్చింటే నా మనవరాండ్లను ఎవురు సూస్తారు మా? నాకు కోపంగా ఉండాది."

"ఉండనీమా," అన్నది ఫ్లోరా. "నాకూ ఉండాది."